తలుపు పక్క కుర్చీ

జూన్ 1, ఆదివారం

బల్ల కాలింది. ఇల్లు కాలలేదు.

దేవుడి ముందు ప్రార్థన చేసుకుని వచ్చేసరికి ముందుగది నిండా పొగ. తమ్ముడు పనిబల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. మైనం కరిగించే స్పిరిట్ దీపం పక్కకి ఒరిగి, పరిచిన గుడ్డని తినేసి, చెక్కలోకి దిగింది. మంట వాడి మోచేతికి జానెడు దూరంలో ఉంది. పక్కనే ఎవరివో కట్టుడుపళ్ళు, నోరంతా తెరిచి నవ్వుతూ.

బకెట్టు నీళ్ళు తెచ్చాను. బల్లకి సగం సరిపోయాయి. మిగతా సగం వాడికి.

"వానా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"అవును. బట్టలు తడుస్తున్నాయి."

లేచి వెళ్ళి తాడు మీద బట్టలన్నీ తీసుకొచ్చాడు. మిటమిటలాడే ఎండలో.

సాయంత్రం "తాగడం ఇదే ఆఖరక్కా" అన్నాడు. ఆ మాట వాడు అన్నన్నిసార్లు నేను దేవుణ్ణి పిలిచి ఉంటే ఈపాటికి ఆయనే దిగొచ్చి "ఏంటమ్మా నీ గోల" అనేవాడు.

జానెడు.

జూన్ 2, సోమవారం

పళ్ళ డాక్టరమ్మ ఫోను. తమ్ముడు పోయిన నెల చేసిన కట్టుడుపళ్ళ సెట్టు పెట్టుకున్నాయన మాట్లాడితే ఈల వస్తోందట. ఆయన జడ్జిగారు. తీర్పు చదువుతుంటే ముద్దాయి పకపకా నవ్వాడట. శిక్ష పడిందన్న దిగులు కూడా లేకుండా.

"ఇంకొక్క సెట్టు ఇట్లా వస్తే నా పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానండీ. ఇప్పుడు పంపే అచ్చులు మా అత్తగారి నోటివి. అర్థమైందిగా?"

అర్థమైంది. తమ్ముడికి పని ఇచ్చేది ఆ ఒక్క డాక్టరమ్మే.

వాడికి జ్వరమని చెప్పాను. అబద్ధం కాదు. ఒళ్ళు వేడిగానే ఉంది.

జూన్ 3, మంగళవారం

చెల్లికి చెప్పాను. చెల్లికి చెబితే ఊళ్ళో మైకు పెట్టినట్టే, అయినా చెప్పాను.

"గదిలో పెట్టి తాళం వెయ్యక్కా."

"వాడి వయసు నలభై నాలుగు."

"అయితే పెద్ద తాళం వెయ్యి."

నేను పనిచేసే ఆసుపత్రి దుప్పట్ల గదికి మాసిన బట్టలు పంపే నర్సు ఒక కాగితం ముక్క ఇచ్చింది. తాగుడు మానాలనుకునేవాళ్ళు వారానికోసారి కూర్చుంటారట, టైర్ల కొట్టు పైఅంతస్తులో. తమ్ముడికి చూపించాను.

"అక్కడికి తాగుబోతులు వెళ్తారక్కా" అన్నాడు, చాలా మర్యాదగా.

మంచి చోటో కాదో ముందు నేను చూసొస్తాను. చెల్లికి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి ఇంటికి ముందు నేనే వెళ్ళాను కదా. పెరట్లో బావి తాడు దగ్గర్నుంచీ చూసి వచ్చాను. తాడు గట్టిదే. మనిషిని చూడాల్సింది అంటుంది చెల్లి.

జూన్ 5, గురువారం

వెళ్ళాను. ముందు పొరపాటున వేరే తలుపు తట్టాను. అక్కడ లావు తగ్గాలనుకునేవాళ్ళు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి జాలిగా జరిగి చోటిచ్చారు. నాది ఎదురు తలుపు అని తెలిశాక వాళ్ళ జాలి ఇంకా పెరిగింది.

ఎదురుది డాన్సు నేర్పే హాలు. మూడు గోడలకీ అద్దాలు. గురువారం సాయంత్రం వాటి మీద దుప్పట్లు కప్పుతారు. "మా మొహాలు మేం చూసుకోలేక" అంది గుమ్మంలో నిలబడ్డ ఆవిడ. బ్యూటీ పార్లర్ నడుపుతుందట. మొహాలు ఆవిడ వృత్తి.

దుప్పట్లు మాసి ఉన్నాయి. ఒకదాని మీద టీ మరక, ఇంకొకదాని మీద పెయింటు. చూసి ఊరుకోబుద్ధి కాలేదు గానీ ఊరుకున్నాను.

తలుపు పక్క ఒక కుర్చీ ఉంది. ఒక కాలు పొట్టి. కొత్తగా వచ్చినవాళ్ళు అందులో కూర్చోవాలట. పారిపోవాలనిపిస్తే తలుపు దగ్గరగా ఉంటుందని. ఇంకొకళ్ళు కొత్తగా వచ్చేదాకా కుర్చీ వాళ్ళదే.

నిలబడే చెప్పాను. "నేను మా తమ్ముడి కోసం వచ్చానండీ."

హాలంతా నవ్వింది. వెక్కిరింపు కాదు. ఇంటికొచ్చిన బంధువుని చూసి నవ్వినట్టు.

"నేను మా బావమరిది కోసం వచ్చాను" అన్నాడు తెల్లమీసాల పెద్దాయన. రిటైరయ్యే ముందు బస్సు నడిపేవాడట. "నాకు అసలు బావమరిదే లేడు. కూర్చో తల్లీ."

"నేను ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చాను" అన్నాడు ఇంకొకాయన. లెక్కల మాస్టారట.

"నిజంగానే తమ్ముడండీ" అన్నాను.

"నిజంగానే ఫ్యాను" అన్నాడు మాస్టారు.

కూర్చున్నాను. కుర్చీ ఊగింది. అందరూ చూశారు. ఇంకేం, రుజువైపోయింది.

ఒక్కొక్కళ్ళూ లేచి "నాకు తాగుడుంది" అంటారు. అందరూ "మాకూ ఉంది" అంటారు. తర్వాత కథ. మాస్టారు ఒకసారి నల్లబల్ల మీద లెక్క మొదలుపెట్టి, సున్న వేస్తూ వేస్తూ బల్ల దాటి గోడ మీదకి, గోడ దాటి కిటికీ మీదకి వెళ్ళాడట. పిల్లలు చప్పట్లు కొట్టారట. ఆయన నవ్వుతూనే చెప్పాడు. చివర్లో నవ్వు ఎక్కడో పడిపోయింది, ఎవరూ వెతకలేదు.

నా వంతు వచ్చింది. "నాకు చెప్పడానికేమీ లేదు" అన్నాను.

"మాకూ లేదు" అన్నారందరూ.

ఆఖర్న అందరూ కాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. నేను ప్రార్థన చేసుకున్నాను. రెండు కళ్ళూ మూసుకుని.

చోటు మంచిదే. పార్లరావిడ నా నంబరు తీసుకుంది. కొత్తవాళ్ళకి రోజూ పొద్దున ఫోను చెయ్యడం ఆవిడ పనట.

జూన్ 6, శుక్రవారం

పార్లరావిడ ఫోను. "తాగాలనిపించిందా అక్కా?"

"లేదు."

"శెభాష్."

జన్మలో మొదటిసారి ఒకరు నన్ను శెభాష్ అన్నారు. చెయ్యని పనికి.

జూన్ 8, ఆదివారం

తమ్ముడితో చెప్పాను, మంచి చోటని. "నువ్వు వెళ్ళావా?" అన్నాడు. వెళ్ళానన్నాను. "టీ ఇచ్చారా?" అన్నాడు. ఇచ్చారన్నాను. "బాగుందా?" బాగుంది. అంతే. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తలకిందులుగా.

డాక్టరమ్మ అత్తగారి అచ్చులు వచ్చాయి. బల్ల మీద పెట్టే ఉన్నాయి.

జూన్ 12, గురువారం

ఒక్కసారి చూస్తే ఏం తెలుస్తుంది? మళ్ళీ వెళ్ళాను. దుప్పట్ల సంగతి కూడా తేల్చాలి.

కొత్తవాళ్ళెవరూ రాలేదు. ఊగే కుర్చీ నాదే.

ఇక వెళ్ళను. చూడాల్సింది చూశాను.

జూన్ 15, ఆదివారం

దేవుడి గూట్లో తుడుస్తుంటే పటం ముందుకి వాలింది. వెనక సీసా.

నేను చచ్చినా వెతకని చోటు అది ఒక్కటేనని వాడికి తెలుసు. తెలివైనవాడు. చిన్నప్పుడు క్లాసులో ఫస్టొచ్చేవాడు.

ఇన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం నేను దణ్ణం పెట్టింది ఎవరికో ఆయనే చెప్పాలి. ఆయన వైపు చూశాను. ఆయన కూడా ఇబ్బందిగానే ఉన్నట్టున్నాడు.

వంటింటి తొట్టిలో సగం పారబోశాను. మిగతా సగంలో నీళ్ళు కలపలేదు. కల్తీ పాపం. సీసా ఎక్కడిదక్కడ పెట్టాను. మొత్తం పారబోస్తే ఇంకోటి కొనుక్కొస్తాడు. సగమైతే ఆలోచిస్తాడు.

జూన్ 17, మంగళవారం

ఇంకొంచెం పారబోశాను.

జూన్ 19, గురువారం

వెళ్ళాను. దుప్పట్ల కోసమే.

జూన్ 24, మంగళవారం

ఘోరం.

నేను స్నానంలో ఉండగా ఫోను మోగింది. తమ్ముడు తీశాడు. పార్లరావిడ తన పేరు చెప్పదు, ఎక్కడ్నుంచో చెప్పదు. అక్కడి మాట బయట చెప్పకూడదని వాళ్ళ కట్టుబాటు. ఆవిడ చెప్పింది ఇంతేనట: "అక్కకి చెప్పండి. ఇవాళ ఒక్కరోజు ముట్టుకోవద్దని. ముట్టుకోవాలనిపిస్తే నాకు ఫోను చెయ్యమని."

జుట్టు తుడుచుకుంటూ వచ్చేసరికి తమ్ముడు వంటింట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో దేవుడి పటం వెనక సీసా. దానిమీద పళ్ళకి గుర్తులు పెట్టే ఎర్ర పెన్సిలుతో ఒక గీత. మందు గీతకి నాలుగు వేళ్ళ కింద ఉంది.

"పోయిన సోమవారం గీత పెట్టానక్కా. అంతకుముందే అనుమానమొచ్చింది. ఇంత నేనే తాగుతున్నానా, నాకే గుర్తుండటం లేదా అని భయపడి చచ్చాను." సీసా పైకెత్తాడు. "నువ్వా?"

"పారబోశాను" అన్నాను.

"నేనూ నీకు అదే చెప్పేవాణ్ణి."

"తొట్టిలో పారబోశానురా."

"నేను కుండీలో అనేవాణ్ణి." "గురువారం గురువారం ఎక్కడికెళ్తున్నావక్కా? నాకోసం చోటు చూడ్డానికా? ఎన్నిసార్లు చూస్తారక్కా ఒక చోటుని?"

నేను తువ్వాలు మడతపెట్టాను, తడిదే.

వాడు వచ్చి నా నోటి దగ్గర వాసన చూశాడు. పళ్ళు తోముకున్న వాసన. "తోమేశావు" అన్నాడు బాధగా.

జూన్ 25, బుధవారం

పనికి వెళ్ళేసరికి మా దుప్పట్ల గది ఇన్‌చార్జి నోరెళ్ళబెట్టింది. "మీకు జ్వరమటగా! మీ తమ్ముడు ఫోను చేశాడు."

ఇంటికి వచ్చేసరికి ఇంట్లో సీసా అన్నది లేదు. దీపంలో పోసే స్పిరిట్ డబ్బా కూడా బీరువాలో పెట్టి తాళమేశాడు. తాళంచెవి వాడి మెడలో. నా టీ గ్లాసు నాకిచ్చే ముందు వాసన చూసి ఇస్తున్నాడు.

చెల్లికి ఫోను చేసి చెప్పాడు. చెల్లి నాకు చేసింది. "అక్కా, ఈ వయసులో!"

"నేను తాగలేదే."

"తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నిన్నెవరు కూర్చోమన్నారు?" గొంతు తగ్గించి, "నిజం చెప్పు, ఏం తాగావు?"

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. అది ఇంకా భయపడింది.

తమ్ముడు మాత్రం బయట తాగొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ చెప్పులతో మాట్లాడాడు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు. "ఇంట్లో లేదు" అన్నాడు గర్వంగా. "నువ్వు నిశ్చింతగా ఉండు."

జూన్ 26, గురువారం

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. రోడ్డు దాటేటప్పుడు కూడా వదల్లేదు. చిన్నప్పుడు బడికి నేను అలా తీసుకెళ్ళేదాన్ని. వాడు ఏడ్చేవాడు. నేను ఏడవలేదు, అంతే తేడా.

మెట్ల మీద పుదీనా బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. వాసన రాకూడదని. అక్కడున్న వాళ్ళందరికీ ఆ బిళ్ళ వాసన కంఠతా వచ్చు.

"మా అక్కండీ" అన్నాడు వాడు బస్సాయనతో, గొంతు తగ్గించి. "కాస్త చూసుకోండి."

"బంగారం లాంటి మనిషి" అన్నాడు బస్సాయన. "ఒప్పుకోవడమే ఇంకా రాలేదు."

"మొండిది" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు. నేను ఆ ఊగే కుర్చీలో కూర్చుని దేవుడితో ఒక మాట అన్నాను. ఇక్కడ రాయను.

తమ్ముడు వెనకబల్ల మీద, కూడా వచ్చినవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాడు. లెక్కల మాస్టారు కథ చెప్పినప్పుడు నవ్వాడు. నవ్వు పడిపోయిన చోట వాడు కూడా ఆగాడు.

వచ్చేటప్పుడు దుప్పట్లన్నీ విప్పి సంచీలో వేసుకున్నాను. ఉతికి తెస్తానని చెప్పాను. వీటిలోంచి వచ్చే వాసనకే మనిషి తాగుడు మొదలుపెడతాడు.

జూన్ 30, సోమవారం

రోజూ బయటే తాగొస్తున్నాడు. వచ్చి నా గ్లాసు వాసన చూసి పడుకుంటున్నాడు.

అత్తగారి అచ్చుల మీద దుమ్ము.

జులై 3, గురువారం

వాన. దుప్పట్లు ఆరలేదు. ఆరనివి తీసుకెళ్ళడం నా వల్ల కాదు.

హాల్లో మూడు గోడలూ బోడిగా ఉన్నాయి. పార్లరావిడ అద్దం చూసి అలవాటుగా జుట్టు సర్దుకుంది, తర్వాత మొహం తిప్పుకుంది. మాస్టారు గోడకి పక్కవాటుగా కూర్చున్నాడు. ఎటు తిరిగినా ఇంకో మాస్టారు ఎదురవుతున్నాడు. "ఇంతమంది నేనున్నానా" అన్నాడు. "ఒక్కణ్ణే మాన్పించలేక చస్తుంటే."

తమ్ముడు వెనకబల్ల మీద. ఎదురుగా అద్దంలో వాడు. పుదీనా బిళ్ళ నములుతూ ఉన్నవాడు నమలడం ఆపాడు. రోజూ నోళ్ళు చూసే మనిషి తన నోరు చూసుకోవడం అదే మొదలనుకుంటాను.

నా వంతు వచ్చింది. "ఇవాళైనా ఏదో ఒకటి చెప్పు తల్లీ" అన్నాడు బస్సాయన. "చిన్నదైనా సరే."

లేచాను. "నాకు తమ్ముడున్నాడు" అన్నాను.

"మాకూ ఉన్నాడు" అన్నారందరూ.

"వాడు బల్ల మీద నిద్రపోతుంటే మంట వాడి మోచేతికి జానెడు దూరంలోకి వచ్చింది. ఆ రోజు నుంచీ ఇంట్లో నేను రెండు కళ్ళూ మూసుకుని ప్రార్థన చెయ్యలేకపోతున్నాను. ఒక కన్ను తెరిచి ముందుగది వైపు పెట్టుకుంటున్నాను. ఇక్కడైతే రెండూ మూసుకోవచ్చు. అందుకే వస్తున్నాను."

ఇలా చెబుతానని నాకు తెలియదు. చెప్పాకే నాకూ తెలిసింది. కూర్చున్నాను. కుర్చీ ఊగింది.

ఎవరూ "మాకూ" అనలేదు. వాన చప్పుడు. కింద టైర్ల కొట్టులో ఎవరో సుత్తితో కొడుతున్నారు.

తమ్ముడు లేచి వచ్చాడు. అద్దాల్లో మూడు వైపుల నుంచీ వచ్చాడు. నా ముందు నిలబడ్డాడు.

"లే అక్కా" అన్నాడు. "ఆ కుర్చీ నాది."

లేచాను. వాడు కూర్చున్నాడు. కుర్చీ నాకన్నా వాడికే ఎక్కువ ఊగింది.

"నాకు..." అని ఆగాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. "నాకు అక్క ఉంది."

"మాకూ ఉంది."

"అక్కకి తాగుడు లేదు."

బస్సాయన నోరు తెరిచాడు.

"నాకుంది."

"మాకూ ఉంది" అన్నారందరూ. ఈసారి చాలా మెల్లగా.

బస్సాయన నా వైపు తిరిగాడు. మీసాల మధ్య నోరు తెరుచుకునే ఉంది. "అయితే నిజంగానే తమ్ముడున్నాడా?"

"మొదటిరోజే చెప్పాను కదండీ."

"అందరూ అదే చెప్తారు తల్లీ! నిజం చెప్పినదానివి నువ్వొక్కదానివే. ఎట్లా నమ్ముతాం?"

హాలంతా నవ్వింది. మూడు గోడలూ నవ్వాయి. పార్లరావిడ కళ్ళు తుడుచుకుంటూ, "రోజూ పొద్దున్నే ఈవిడకి శెభాష్ చెప్పానే! అవన్నీ వెనక్కిచ్చెయ్యండక్కా."

ఇవ్వనన్నాను.

నాకు కూర్చోడానికి చోటు లేదు. వెళ్ళి టీ గ్లాసులు కడిగాను.

జులై 6, ఆదివారం

తమ్ముడు ముట్టుకోక మూడు రోజులు. ఒళ్ళంతా చెమటలు. వణుకు. మా ఆసుపత్రి డాక్టరుకి చూపించాం, మాత్రలిచ్చాడు. వాడు పొద్దుటి నుంచీ నన్ను తిడుతున్నాడు. చిన్నప్పుడు వాడి గాలిపటం నేను తొక్కానట. నేను కాదు, చెల్లి. చెప్పలేదు. తిట్టడానికి ఎవరో ఒకరుండాలి.

జులై 10, గురువారం

వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, దుప్పట్లిచ్చి వచ్చేశాను. తెల్లగా ఉన్నాయి. కప్పుతుంటే బస్సాయన "ఇంత తెల్లవైతే మళ్ళీ మొహాలు కనిపిస్తాయేమో" అన్నాడు.

తమ్ముడు కుర్చీ పొట్టికాలికి కొలత తీసుకొచ్చాడు పోయిన గురువారమే. పళ్ళచిగుళ్ళు చేసే గులాబీరంగు ముద్దతో ఒక తొడుగు చేసి తొడిగాడు. కుర్చీ ఊగడం లేదు. చూడ్డానికి మాత్రం ఎవరో దాని పాదం కొరికి పళ్ళు వదిలేసి పోయినట్టుంది.

అత్తగారి సెట్టు కూడా చేశాడు. ఎంతసేపు పట్టిందో. మైనం చెక్కుతూ చెక్కుతూ చెయ్యి వణికితే ఆపేవాడు, కిటికీ దగ్గర నిలబడేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. స్పిరిట్ దీపం వెలిగించేటప్పుడు నన్ను పిలిచాడు. ఆర్పేటప్పుడు కూడా.

జులై 12, శనివారం

డాక్టరమ్మ ఫోను. సెట్టు పెట్టిన సాయంత్రమే అత్తగారు ఆవిణ్ణి తిట్టిందట. ఒక్క అక్షరం జారలేదట. ఈల లేదట.

"చాలా బాగా చేశాడండీ" అంది, ఏడుపుగొంతుతో. ఇంకో రెండు అచ్చులు పంపుతోంది.

జులై 14, సోమవారం

వాసన.

జులై 15, మంగళవారం

డాక్టరమ్మకి ఎవరూ ఫోను చెయ్యలేదు. జ్వరమని నేను చెప్పలేదు. వాడు చెప్పమనలేదు.

సాయంత్రం వాడే తీసి ఫోను చేశాడు. డాక్టరమ్మకి కాదు, బస్సాయనకి. తలుపు వేసుకున్నాడు. తలుపుకి చెవి పెట్టలేదు. పెట్టినా వినపడదు, వాన.

జులై 17, గురువారం

ఒక్కడే వెళ్ళాడు. చెయ్యి పట్టుకోమనలేదు. కొత్తవాళ్ళెవరో వస్తున్నారట, కుర్చీ వాళ్ళకివ్వాలని తొందరగా బయల్దేరాడు. వచ్చినాయన టైర్ల కొట్టు ఓనరట. "పైన చప్పుడు ఎక్కువగా ఉంది, చెప్పిపోదామని వచ్చాను" అన్నాడట. అందరూ జరిగి చోటిచ్చారట.

గురువారం సాయంత్రం ఇంట్లో ఏం చెయ్యాలో తెలియలేదు. మడతపెట్టిన ఇంటి దుప్పట్లే మళ్ళీ మడతపెట్టాను.

వాడు వచ్చాడు. మంచినీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. కాలిన మచ్చ మీదే పెట్టాడు. నేను ఆ గ్లాసు ఎదురుగా కూర్చున్నాను.

అప్పుడే పార్లరావిడ ఫోను. పొద్దున చెయ్యాల్సింది, పెళ్ళికూతురు ఒకత్తి వదల్లేదట. అలవాటు పోక, నాకు తాగుడు లేదని తెలిసీ, అదే అడిగింది.

"ఏమక్కా, తాగాలనిపించిందా?"

"లేదు. వాడి గ్లాసు వాసన చూడాలనిపించింది."

ఆవిడ వెనక హెయిర్ డ్రయ్యరు చప్పుడు.

"చూశారా?"

"లేదు."

"శెభాష్" అంది. "ఇవాళ్టికి చాలు."

గ్లాసు కడిగి బోర్లించాను. దేవుడి ముందు కూర్చున్నాను. ఒక కన్ను మూశాను. కాసేపటికి రెండోది కూడా.